పాల కేంద్రంలో కంప్యూటరు మొరాయిస్తే

(సంఘ కార్యదర్శులు, సభ్యుల శిక్షణ సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట మనవి చేస్తాను. నేను కంప్యూటరు ఇంజనీరును కాను. సహకారంలో డిప్లొమా చదివి, ఈ శాఖలో చేరి, రోకడ పుస్తకాలు, పాల రిజిస్టర్లు తిరగేస్తూ యాభై ఏళ్లు దాటినవాడిని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాల కేంద్రంలో కనిపించేవి లీటరు కొలపాత్ర, గెర్బరు పరీక్ష గొట్టాలు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజు, ఒక లావుపాటి రిజిస్టరు. యాసిడ్ చుక్కలు పడి చిల్లులు పడ్డ చొక్కాను బట్టి టెస్టరు ఎవరో చెప్పేవాళ్లం. ఈనాడు అదే బల్ల మీద ఎలక్ట్రానిక్ కాటా, పాల ఎనలైజరు, వాటి వెనుక ఒక కంప్యూటరు కూర్చున్నాయి. సభ్యుని నంబరు కొట్టగానే తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ కలిపి చీటీ వస్తుంది. బాగానే ఉంది. ఆ చీటీ రాని పూట ఏం చేయాలన్నదే ఈ రోజు మన విషయం.

కంప్యూటరులో పాల లెక్క చేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దానికి అడుగున మూల ప్రోగ్రాం మరొకటి ఉంటుంది. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నేను తనిఖీ చేసే కేంద్రాలలో చాలా వరకు ఉన్నది విండోస్. పాల ప్రోగ్రాముకు కాటా తూకం కావాలన్నా, ప్రింటరుపై చీటీ కొట్టాలన్నా, ఈ రోజు తేదీ ఏమిటో తెలియాలన్నా విండోస్‌నే అడగాలి. విండోస్ తప్పు చెబితే పాల ప్రోగ్రాం ఆ తప్పునే నమ్మి, మీ డబ్బు లెక్క వేస్తుంది. అందుకే ఈ సంగతులు కార్యదర్శి ఒక్కరికే కాక పాలు పోసే సభ్యులకూ తెలియాలని నేను పట్టుబట్టి మిమ్మల్ని కూడా పిలిపించాను.

నాకు ఈ పాఠం నేర్పిన సంఘం పేరు చెప్పను. అది 2021 జూన్ ఆఖరి వారం. ఆ ఊరి సభ్యులు పది పన్నెండు మంది సంతకాలతో ఫిర్యాదు పంపారు. కార్యదర్శి పాల డబ్బు తిన్నాడని దాని సారాంశం. వెళ్లాను. నాకు అలవాటైన పద్ధతిలో ముందు కంప్యూటరు నుంచి జనవరి మొదలు మే వరకు రోజువారీ పాల మొత్తాలు ప్రింటు తీయించి, లారీతో వెళ్లిన ట్రక్ షీట్ల పక్కన పెట్టాను. అన్ని రోజులూ సరిపోయాయి, ప్రతి నెలా ఆరో తారీఖు తప్ప. జనవరి 6, ఫిబ్రవరి 6, మార్చి 6, ఏప్రిల్ 6, మే 6. ఈ అయిదు రోజులలో కంప్యూటరు చూపే పాలు లారీ ఎక్కిన పాలకు దాదాపు రెట్టింపు. పోయని పాలకు లెక్క వ్రాయడం మా శాఖకు పాత పరిచయమే. నెలకొక రోజు, అదీ ఒకే తారీఖున, పద్ధతిగా చేశాడే అనుకున్నాను. 51వ సెక్షను కింద విచారణ జరపదగును అని నా డైరీలో వ్రాసి కూడా ఉంచాను. కార్యదర్శి నా ఎదుటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అటువంటి కళ్లనీళ్లు కూడా మాకు పాత పరిచయమే కనుక నేను చలించలేదు.

జూన్ 11వ తేదీన పదిరోజుల బిల్లు తీస్తే ప్రతి సభ్యునికీ ఒక్క రోజు పాలే వచ్చాయట. జూన్ 6వ తేదీవి మాత్రమే. కార్యదర్శి కంగారుపడి, అంతకు ముందు బిల్లు చూసి అందాజుగా అందరికీ డబ్బు ఇచ్చేశాడు. కొందరికి ఎక్కువ ముట్టింది, వాళ్లు నోరు మెదపలేదు. కొందరికి తక్కువ ముట్టింది, ఫిర్యాదు వారిదే.

మధ్యాహ్నం ఒక సభ్యురాలు డాల్డా డబ్బా పట్టుకుని వచ్చింది. భర్త లేని మనిషి, ఒక గేదె మీద బతుకు. డబ్బాలో జూన్ మొదటి పదిరోజుల చీటీలు రెండు పూటలవీ కలిపి ఇరవై ఉన్నాయి. "అయ్యా, నాకు ముట్టింది ఒక్క రోజు డబ్బు. ముందు బిల్లులో నా పాలు లేవని ఇంకేమీ ఇయ్యలేదు" అన్నది. సరే చూద్దామని ఆమె నంబరు కొట్టించాను. మే 6వ తేదీన ఆమె రెండు పూటలా పాలు పోసినట్టు తెర మీద ఉంది.

"అమ్మా, మే ఆరున పోశావు కదా" అన్నాను.

"మే ఆరుకు నా గేదె ఇంకా ఈననే లేదయ్యా. ఇరవై దాటినాక ఈనింది. జున్నుపాలు అయిపోయి కేంద్రానికి తెచ్చింది జూన్ ఒకటి నించే" అన్నది.

ఆమె చీటీలు తిరగేస్తే, తెర మీద మే 6 కింద ఉన్న తూకమూ వెన్న శాతమూ జూన్ 5వ తేదీ చీటీల మీద అచ్చంగా ఉన్నాయి. చీటీ మీద తేదీ 05/06. అప్పుడు నాకు వెలిగి, డిసెంబరు 6వ తేదీ తీయమన్నాను. డిసెంబరు ఇంకా ఆరు నెలలు ఉంది. పాలు మాత్రం ఊరు ఊరంతా పోసేసి ఉన్నారు!

జరిగింది ఇది. మే 31న కంప్యూటరు మొరాయిస్తే పట్నం నుంచి రిపేరు కుర్రవాడు వచ్చి విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించి పోయాడు. కొత్తగా ఎక్కించేటప్పుడు ప్రాంతం అమెరికా అని ఉంటుంది, మనం మార్చకపోతే అదే నిలుస్తుంది. మనం రోజు ముందు, నెల తరువాత వ్రాస్తాము. అమెరికా వారు నెల ముందు, రోజు తరువాత వ్రాస్తారు. పాల ప్రోగ్రాం 05/06 అని పంపితే విండోస్ దానిని మే 6 అని చదివింది. జూన్ ఒకటి పాలు జనవరి 6కు, రెండు పాలు ఫిబ్రవరి 6కు, ఆ వరుసనే పన్నెండు పాలు డిసెంబరు 6కు పోయాయి. 06/06 ఎటు చదివినా జూన్ 6 కనుక అది ఒక్కటే తన చోట మిగిలింది. పదమూడో నెల లేదు కనుక 13వ తేదీ నుంచి లెక్క తనంతట తానే సరిగా పడింది. అందుకే దీనిని పట్టుకోవడం కష్టం. నెల మధ్యలో చూసినవారికి అంతా బాగానే కనిపిస్తుంది, మళ్లీ ఒకటో తారీఖున మొదలవుతుంది.

దీనికి మందు అరనిమిషం పని. సెట్టింగులలో టైమ్ అండ్ లాంగ్వేజ్, దానిలో రీజియన్ అన్నచోటికి వెళ్లి, ప్రాంతీయ పద్ధతిని ఇంగ్లీష్ ఇండియా అని పెట్టండి. తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో కనిపించాలి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇది ఇక ముందు పడే లెక్కను సరిచేస్తుందే గాని, పడిపోయిన లెక్కను సరిచేయదు. ఆ సంఘంలో ప్రోగ్రాం ఇచ్చినవారి మనిషి వచ్చి, ట్రక్ షీట్లు, సభ్యుల చీటీలు ముందు పెట్టుకుని పదకొండు రోజుల లెక్కను వెనక్కు మళ్లించవలసి వచ్చింది. రెండవ బిల్లులో రాని 11, 12 తేదీల పాలు కూడా అప్పుడే దొరికాయి. తక్కువ ముట్టినవారికి తేడా చెల్లించారు, ఎక్కువ ముట్టినవారికి తరువాతి రెండు బిల్లులలో సర్దారు. నా డైరీలో ఆ వాక్యం కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. ఆ కార్యదర్శి ఇప్పటికీ పనిలోనే ఉన్నాడు. నాతో మాత్రం అవసరమైనంత వరకే మాట్లాడతాడు. అందులో అతని తప్పు లేదు.

తేదీకి సంబంధించినదే ఇంకొకటి. పొద్దున్న కంప్యూటరు వేయగానే పాత సంవత్సరం ఏదో చూపిస్తే, లేక నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని అడిగితే, లోపల మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. సాధారణంగా అది సి.ఆర్. 2032 అనే మూడు వోల్టుల బ్యాటరీ. గడియారాల దుకాణంలో దొరుకుతుంది, ధర స్వల్పం. దానిని మార్చకుండా రోజూ చేత్తో తేదీ దిద్దుకునే కేంద్రాలు ఉన్నాయి. దిద్దడం మరచిన పూట పాలు ఎక్కడికి పోతాయో వేరే చెప్పనక్కరలేదు. తేదీ తప్పుగా ఉంటే ఇంటర్నెట్టు పేజీలు కూడా భద్రత లేదని చెప్పి తెరుచుకోవు. అప్పుడు ఇంటర్నెట్టు వాళ్లను తిట్టే ముందు గడియారం చూడండి.

ఇక రోజూ వినే ఫిర్యాదు, "సార్, బాగా నెమ్మదిగా ఉంది. ఆపి మళ్లీ వేశాము, అయినా అంతే." ఇక్కడ ఒక కిటుకు ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు పెట్టారు. అది పనిచేస్తున్న కంప్యూటరులో షట్ డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. తన మూల భాగాన్ని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. పొద్దున్న త్వరగా లేవడానికి ఈ ఏర్పాటు. నిన్నటి చిక్కు కూడా దానితోనే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా వదిలి కొత్తగా మొదలవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. దానిలో పెర్ఫార్మెన్స్, సి.పి.యు. చూస్తే అప్ టైమ్ అని ఎన్ని రోజులుగా నడుస్తున్నదో ఉంటుంది. రోజూ రాత్రి ఆపుతున్నామని ప్రమాణం చేసిన ఒక కేంద్రంలో ముప్ఫై ఎనిమిది రోజులు చూపింది. వాళ్లు అబద్ధం ఆడలేదు, నిజంగానే షట్ డౌన్ చేశారు. వారానికి ఒకసారి, సాయంత్రం సేకరణ ముగిశాక రీస్టార్ట్ చేయండి. సగం ఫిర్యాదులు అక్కడితో ఆగుతాయి.

రీస్టార్ట్ చేసినా నెమ్మదిగానే ఉంటే అదే టాస్క్ మేనేజరులో స్టార్టప్ అన్నచోట చూడండి. కార్యదర్శి గారి అబ్బాయి ఎక్కించిన ఆటలు, పాటల ప్రోగ్రాములు అక్కడ బారులు తీరి ఉంటాయి. వాటిని డిజేబుల్ చేయవచ్చు. సి డ్రైవ్ నిండిపోయినా ఇంతే. డిస్క్ క్లీనప్ అనే సాధనంతో చెత్త తీయండి. పేరు తెలియని ఫైలును మాత్రం చెత్త అనుకుని తీసివేయకండి, అది మీ సభ్యుల ఖాతా కావచ్చు.

కాటా తూకం చూపుతుంది, కంప్యూటరులోకి మాత్రం రాదు. ఇది పొద్దున్న అయిదున్నరకు, క్యూలో నలభై మంది నిలబడి ఉన్నప్పుడు జరుగుతుంది. కాటా, ఎనలైజరు తీగలను చాలాచోట్ల యు.ఎస్.బి. మార్పిడి తీగ ద్వారా కలుపుతున్నారు. విండోస్ ఆ తీగకు కామ్ 3 అనో, కామ్ 5 అనో ఒక నంబరు ఇస్తుంది. పాల ప్రోగ్రాములో ఆ నంబరు వ్రాసి ఉంటుంది. ఊడ్చేటప్పుడు తీగ ఊడి, వేరే రంధ్రంలో పెడితే, చాలా రకాల తీగలకు విండోస్ కొత్త నంబరు ఇస్తుంది. పాల ప్రోగ్రాం పాత నంబరు దగ్గరే ఎదురు చూస్తూ ఉంటుంది. స్టార్ట్ మీద మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరు తెరిచి, పోర్ట్స్ అన్న వరుసలో ఏ నంబరు ఉన్నదో చూడండి. తీగను పాత రంధ్రంలోకి మార్చడమే తేలిక. ఒక మహిళా సంఘం వారు ఏ తీగ ఏ రంధ్రానికో గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకున్నారు. ఎర్ర చుక్క కాటాకు, గులాబీ చుక్క ఎనలైజరుకు. నేను చూసిన వాటిలో అంతకన్న మంచి ఉపాయం లేదు. ఆ వరుసలో పసుపు పచ్చ త్రికోణం కనిపిస్తే మాత్రం తీగకు తగిన డ్రైవరు లేదని అర్థం, తీగతో పాటు వచ్చినది ఎక్కించాలి.

ప్రింటరు ఆగితే కొందరు ప్రింట్ అని పదిసార్లు నొక్కుతారు. పది కాగితాలూ వరుసలో చేరి, మొదటిది ఇరుక్కుంటే అన్నీ దాని వెనుక నిలబడతాయి. తీగ, కాగితం, రిబ్బను సరిగా ఉన్నాయో చూసి, అయినా కదలకపోతే సర్వీసెస్ అనేది తెరిచి, ప్రింట్ స్పూలర్ అన్నదానిని స్టాప్ చేయండి. సి డ్రైవ్‌లో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అనే సంచీ ఉంటుంది. దానిలో ఉన్న ఫైళ్లు మాత్రమే తీసివేసి, స్పూలరును మళ్లీ స్టార్ట్ చేయండి. ఆ సంచీ దాటి పక్క వాటి జోలికి పోవద్దు.

అసలు కంప్యూటరే లేవకపోతే ముందు యు.పి.ఎస్. చూడండి, తరువాత పెట్టె వెనుక స్విచ్చి, తరువాత తెర తీగ. దాణా బస్తాల పక్కన కంప్యూటరు పెట్టిన కేంద్రాలలో తవుడు దుమ్ము ఫ్యానుకు పట్టి, వేడెక్కి దానంతట అదే ఆగుతుంది. దాణాను పక్క గదిలోకి మార్చండి, అది కంప్యూటరుకూ మంచిది, దాణాకూ మంచిది. కరెంటు పోయిన వెంటనే యు.పి.ఎస్. కూత పెడుతుండగానే పని ముగించి ఆపండి. నడుస్తుండగా ఠక్కున ఆగితే డిస్కులో వ్రాత సగంలో తెగి, ఫైలు చెడుతుంది. తరువాతిసారి లేచేటప్పుడు డిస్కు పరీక్ష మొదలుపెడితే తొందరపడి ఆపకండి.

నీలి తెర గురించి చాలామందికి భయం. తెర నీలంగా మారి, కింద ఏదో కోడ్ వ్రాసి ఉంటే, ఫోనుతో ఫోటో తీయండి. రిపేరు మనిషికి అది డాక్టరు చీటీ వంటిది. ఒకసారి వచ్చి రీస్టార్టుతో పోతే కంగారు లేదు. పదే పదే వస్తే ఈ మధ్య కొత్తగా ఏం తగిలించారో, ఏం ఎక్కించారో గుర్తు చేసుకుని దానిని తీసేయండి. లేవకుండా చిక్కుకుంటే సేఫ్ మోడ్‌లో లేపి తీయవచ్చు. 2024 జూలై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాలు, బ్యాంకులు నిలిచిపోయాయి, గుర్తుందా? ఒక భద్రతా కంపెనీ పంపిన తప్పుడు ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేశాయి. వాటిని బాగుచేసిన పద్ధతులలో ముఖ్యమైనది ఇదే. సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు తీసివేశారు. కనుక నీలి తెర రాగానే ఫార్మాట్ అనకండి.

ఫార్మాట్ అనే మాట పట్ల మాత్రం మీకు భయం ఉండాలి. రిపేరు కుర్రవాళ్లకు అది సులువు, వాళ్లకు ఖర్చూ లేదు. మీ పాల లెక్క ఎక్కువగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది, ఫార్మాటుతో అది మొత్తం పోతుంది. "మా డేటా ఎక్కడ ఉంది, దానిని తీసి చూపించు" అని అడిగి, పెన్ డ్రైవ్‌లో పడినది కళ్లారా చూసి, వీలైతే వేరే కంప్యూటరులో తెరిచి చూసిన తరువాతే చేయి వేయనివ్వండి. అయ్యాక తేదీ పద్ధతి చూడాలని మళ్లీ చెప్పను.

అప్‌డేట్ల మీద కూడా ఫిర్యాదులున్నాయి. సరిగా పాలు పోసే వేళకు విండోస్ తనంతట తాను మళ్లీ మొదలవుతుందని కొందరు అప్‌డేట్లే ఆపించేశారు. అది పొరపాటు. సెట్టింగులలో యాక్టివ్ అవర్స్ అని ఉంది, పద్దెనిమిది గంటల వరకు పెట్టుకోవచ్చు. ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు పెడితే ఆ వేళలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. అప్‌డేట్లు ఎందుకంటారా? 2017 మే నెలలో వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం దేశదేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరే సందును మూసే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. ఎక్కించుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 7కు ఈ రక్షణ 2020 జనవరి 14తో ఆగింది. విండోస్ 10కు మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ఆగింది. ఆ కంప్యూటర్లు రేపటి నుంచి నడవవని కాదు, నడుస్తాయి, కొత్త సందులు మాత్రం మూయరు. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం, 4 జి.బి. మెమరీ, కొంత కొత్త ప్రాసెసరు ఉండాలి కనుక పాత యంత్రాలలో చాలా వాటికి అది పట్టదు. మీ పాలకవర్గం దీనిని బడ్జెటులో పెట్టి సర్వసభ్య సమావేశంలో చర్చించాలి. అంతవరకు ఆ యంత్రంలో పాల లెక్క తప్ప ఇంటర్నెట్టు పనులు చేయకపోవడం మేలు.

తెర మీద హఠాత్తుగా మీ కంప్యూటరులో వైరస్ పడింది, ఈ నంబరుకు ఫోను చేయండి అని మోత పెడితే చేయకండి. మైక్రోసాఫ్ట్ వారు హెచ్చరికలలో ఫోను నంబరు ఇవ్వరు. ఆ ఫోను చేస్తే అవతలి మనిషి మీ యంత్రంలోకి దూరి, సంఘం బ్యాంకు ఖాతా దాకా వెళ్లగలడు. టాస్క్ మేనేజరు తెరిచి ఆ పేజీని మూసివేయండి.

చివరగా నకలు సంగతి. రెండు పెన్ డ్రైవ్‌లు కొనండి. ప్రతి పదిరోజుల బిల్లు అయిన సాయంత్రం ఒకదానిలో లెక్క ఎత్తి, తీసి, అధ్యక్షుల వారి ఇంట ఉంచండి. తరువాతి బిల్లుకు రెండోది. కంప్యూటరుకు తగిలించే ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది, అది నకలు కాదు. చేతివ్రాత రిజిస్టరును మాత్రం అటక ఎక్కించకండి. కంప్యూటరు లేవని పూట నంబరు, తూకం, వెన్న శాతం చేత్తో వ్రాసి, సభ్యునికి చేతి చీటీ ఇచ్చి తీరాలి. అందాజు పనికిరాదు. సభ్యులు కూడా చీటీలను గట్టు మీద పారేయకుండా, బిల్లు చేతికి వచ్చేదాకా ఒక డబ్బాలో వేసుకోండి. నేను తనిఖీకి వచ్చినప్పుడు ఇకపై అయిదుగురు సభ్యుల ఇళ్లకు వెళ్లి ఆ డబ్బాలు అడుగుతాను.

చెప్పదలచినవి ఇవి. కాటా తూకం కంప్యూటరుకు అందని కేంద్రాల వారు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారని నాకు తెలుసు. భోజనాల తరువాత రండి, ఇక్కడే ఒక యంత్రం పెట్టించాము, డివైస్ మేనేజరు తెరిచి మీ చేతనే చేయిస్తాను.